ఒకే బోల్టు కింద రెండు వైర్లు

బండిలో కరెంటు నిలవడం లేదంటే ముందు బ్యాటరీని తిట్టడం అందరికీ అలవాటు. ముప్పై ఏళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో బండ్లకి వైరింగు చేస్తున్నాను. నా షెడ్డుకొచ్చిన ప్రతి డ్రైవరూ "బ్యాటరీ పోయింది ఏడుకొండలూ" అంటూనే దిగాడు. పదింట తొమ్మిదిసార్లు బ్యాటరీ నిక్షేపంగా ఉండేది. పాడయ్యేది ఏ వైరో, ఆ వైరు కొస బిగించిన బోల్టో, లేకపోతే ఆ బోల్టు బిగించినవాడి బుద్ధో. బుద్ధిని కొలిచే మీటరు నా దగ్గర లేదు. ఉండుంటే ఇదంతా చెప్పుకోవాల్సిన గతి పట్టేది కాదు.

కిందటి సెప్టెంబరులో నా సొంత బస్సుకే ఆ రోగం వచ్చింది. సాయంత్రం ఇరవై అయిదున్నర వోల్టులు చూపించిన బ్యాటరీలు తెల్లారేసరికి ఇరవై మూడుకి దిగిపోయేవి. తక్కువ వోల్టేజికి పెట్టిన అలారం కీచుమని మొత్తుకునేది. అందరిలాగే నేనూ బ్యాటరీలనే తిట్టాను.

ఆ బస్సు మా ఇల్లు. ఆర్టీసీ వాళ్లు పాతబడిందని వేలం వేసిన బండిని తెచ్చుకుని, సీట్లన్నీ పీకేసి, మంచం, వంటగట్టు, చిన్న ఫ్రిజ్, పైకప్పు మీద సోలారు పలకలు అన్నీ నా చేత్తో అమర్చాను. అంతా నా భార్య కనకరత్నం కోసం. రత్నం పంతొమ్మిదేళ్లు విజయవాడ - బందరు రూట్లో కండక్టరు. బందరు బస్టాండులో దిగడం, టీ తాగడం, అదే బస్సెక్కి తిరిగి రావడం. అక్కడికి సముద్రం పది పన్నెండు కిలోమీటర్లు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు.

"నేను టిక్కెట్టు కొట్టక్కర్లేని బస్సులో కూర్చుని ఆ సముద్రం చూడాలయ్యా," అనేది.

బస్సుకి రంగు వేయడం ఒక్కటే మిగిలిన రోజుల్లో, డ్యూటీలో ఉండగానే, ఉయ్యూరు దాటాక పడిపోయింది. మెదడు అడుగున కాడలాంటి చోట రక్తనాళం మూసుకుపోయిందన్నారు. రత్నం వింటుంది, చూస్తుంది, అంతా అర్థమవుతుంది, కానీ వేలు కూడా కదలదు. ఈ జబ్బులో కొందరికి కనురెప్పలైనా మిగులుతాయట. రత్నానికి అవీ మిగల్లేదు. ఒక్క కేక పెడితే నిండు బస్సులో నలభైమంది లోపలికి జరిగేవాళ్లు. అలాంటి మనిషి నోరు పడిపోయింది.

ఏడాది తర్వాత డాక్టరు వకుళ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. నలభై దాటని మనిషి, మెదడు నరాల మీద పరిశోధన. ఆవిడ కనిపెట్టింది తమలపాకంత గాజు బిళ్ల. రత్నం చర్మంలోంచి చిటికెడు తీసి, ఆ కణాలని నరాలుగా మార్చి, ఆ బిళ్ల మీద పెంచారు. తల వెనక సన్నటి రంధ్రం చేసి, వెంట్రుకంత తీగతో దాన్ని రత్నం మెదడుకి కలిపారు. రత్నం ఒక మాట గట్టిగా అనుకుంటే లోపల అణువంత కరెంటు పుడుతుంది. బిళ్ల మీది నరాలు దాన్ని గుర్తుపడితే, మంచం పక్కన ఆ బిళ్లని అమర్చిన పెట్టె ఆ మాట పైకి పలుకుతుంది. గొంతు కూడా రత్నందే. నా ఫోనులో మిగిలిన ఆమె వాయిస్ మెసేజ్‌లు విని తయారు చేశారు. వాటిల్లో సగం నన్ను తిట్టినవే.

"ఇది మా ల్యాబులో పనిచేయడం లేదు కొండలు గారూ. ఇళ్లలోనూ పనిచేయదు," అన్నారు వకుళ, వచ్చిన మొదటిరోజే. "గోడల నిండా వైర్లే. వాటిలో కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. మనకి తెలియదు గానీ ఈ నరాలకి అది తిరునాళ్లలో మైకులాంటిది. ఇంకేమీ వినపడదు."

"మా బస్సులో అంతా బ్యాటరీ కరెంటేనండి. నిలకడగా ఉంటది, ఊగదు."

"అందుకే వచ్చాను."

ఎంత పొంగిపోయానో చెప్పలేను. పెద్ద పెద్ద ల్యాబుల్లో లేని శుభ్రమైన కరెంటు నా బస్సులో ఉందట. ఉన్న ఇన్వర్టరు కూడా విప్పి పారేశాను. కరెంటు స్తంభం కనపడని చోటు వెతికి, ఆగిరిపల్లి అవతల మామిడితోటల మధ్య ఖాళీ జాగాలో బస్సు నిలిపాం. పగలంతా సోలారు, సాయంత్రం నుంచి బ్యాటరీ. ఊళ్లోంచి నర్సు సుశీలమ్మ రోజూ సైకిలు మీద వచ్చిపోయేది.

పెట్టె బిగించేటప్పుడు వకుళ ఒకటికి రెండుసార్లు చెప్పారు. "దీని నెగెటివ్ వైరు విడిగా నేరుగా బ్యాటరీ దాకా వెళ్లాలి. మధ్యలో ఇంకే వైరుతోనూ కలవకూడదు."

"అట్టాగేనండి," అన్నాను.

ఆటోనగర్‌లో నెగెటివ్‌కి ఎవరూ వైరు లాగరు. బండి ఇనప బాడీయే నెగెటివ్. దీపానికైనా హారనుకైనా ఒక వైరు పంపి, రెండో కొస దగ్గర్లో ఉన్న బోల్టు కింద బిగించేస్తాం. ఒకే బోల్టు కింద నాలుగేసి వైర్లున్న లారీలు కలకత్తా దాకా వెళ్లొస్తున్నాయి. పెట్టె పెట్టిన చోటికి జానెడు దూరంలో ఫ్రిజ్ నెగెటివ్ బోల్టు ఉంది. బ్యాటరీ దాకా విడి వైరంటే వేసిన చెక్కనేల అంతా విప్పాలి. ఇనుమంతా ఒకటే కదా అనుకుని, పెట్టె వైరు కూడా ఆ బోల్టు కిందే బిగించేశాను. ఎంత చదువుకున్నా బండ్ల సంగతి ఈవిడకేం తెలుసులే అని నవ్వుకున్నాను కూడా.

నరాలకి మాటలు నేర్పడానికి నలభై రోజులు. ఆ వయసు దాటితే అవి కొత్తది నేర్చుకోవని వకుళ చెప్పారు. పన్నెండు మాటలు అనుకున్నాం. అవును, కాదు, కావాలి, వద్దు, ఆకలి, దాహం, వేడి, చలి, నొప్పి, బాగుంది. మిగతా రెండూ నేను అడిగి పెట్టించినవి. కండక్టరు బస్సు కదలమంటే "రైట్" అంటుంది, ఆపమంటే "హోల్డాన్" అంటుంది. పంతొమ్మిదేళ్లు నోట నానిన మాటలు, రత్నానికి ఇవైతే తేలిగ్గా వస్తాయని అన్నాను. వకుళ సరేనని రాసుకున్నారు.

పాఠం ఏ మాటతో మొదలుపెట్టాలన్న దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను.

"ముందు నొప్పి నేర్పుదాం. మనకి మొదట తెలియాల్సింది అదే," అన్నారు వకుళ.

"వద్దండీ. మొదటి మాట మంచి మాటయి ఉండాల. పలక మీద అక్షరాలు దిద్దించినా శుభమైన మాటే కదండీ ముందు రాయిస్తాం. రోజూ నొప్పితో మొదలెడితే దాని మనసు ఏమైపోద్ది?"

ఆవిడ నవ్వారు. "వరస ఏదైతేనేం లెండి. మీ ఇష్టం."

అలా రోజూ పాఠం "బాగుంది"తో మొదలయ్యేది. వకుళ ఫ్రిజ్ తెరిచి చిన్న సీసా తీసేవారు. ఆ నరాలకి ఆహారం అదే, చల్లగా ఉండాలి. బిళ్ల మీద ఒక చుక్క వేసి, ఫ్రిజ్ మూసి, రత్నం పక్కన కూర్చుని, "రత్నం గారూ, బాగుంది అనుకోండి. గట్టిగా అనుకోండి," అనేవారు. వెనక ఫ్రిజ్ గుర్రుమంటూ ఉండేది. మేం దాన్ని పట్టించుకోలేదు. ఫ్రిజ్ గుర్రుమనకపోతే కదా పట్టించుకుంటాం.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం, ఎవరూ ఏమీ అడగకుండానే, పెట్టె రత్నం గొంతుతో "బాగుంది" అంది.

నేను ఏడ్చాను. వకుళ కూడా కళ్లు తుడుచుకున్నారు. ఏడాదిన్నర తర్వాత విన్న గొంతది. అందులో తిట్టు లేకపోవడం ఒక్కటే కొత్త.

అక్కడి నుంచి పదకొండు నెలలు మా బస్సంత సుఖమైన ఇల్లు ఇంకోటి లేదనుకున్నాను. తడిగుడ్డలో చుట్టిన కనకాంబరాల దండ సాయంత్రం ఫ్రిజ్‌లోంచి తీసి రత్నం జడలో పెడితే "బాగుంది" అనేది. ఎండ మండే మధ్యాహ్నాలు మరీ ఎక్కువగా అనేది. వేడిలోనూ ఇంత ఓర్పేమిటి దీనికి అని మురిసిపోయేవాణ్ణి. మిగతా మాటలు చాలా తక్కువ. ఎప్పుడో ఒక "అవును", ఎప్పుడో ఒక "కాదు". అవి నిదానంగా వస్తాయని వకుళ అన్నారు. ఆవిడ రాసిన వ్యాసం ఎక్కడెక్కడి డాక్టర్లో చదివారట. ఇంకో రెండు వందల మంది రోగులకి ఈ పెట్టెలు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఢిల్లీ నుంచి ఒక బృందం రావాలనుకుంది.

ఇక ఉదయం పూట చేతుల వ్యాయామం. కదలని మనిషికి కీళ్లు బిగుసుకుపోకుండా రోజూ చేతులు చాచి, ఎత్తి, తిప్పాలని ఆస్పత్రిలో నేర్పారు. ముందు భుజం మీద చల్లటి గుడ్డ వేయాలి. ఫ్రిజ్‌లోంచి గుడ్డ తీసి వేసి, ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తేవాణ్ణి. "బాగుంది" అనేది. ఇంకాస్త ఎత్తేవాణ్ణి. కొన్నాళ్లకి చెవి పక్కకి తెచ్చి, వెనక్కి కూడా వంచేవాణ్ణి. ఆ టైములో ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారేవి. ఈ జబ్బులో కళ్లు వాటంతటవే కారతాయని ఆస్పత్రిలో ముందే చెప్పారు. తుడిచేవాణ్ణి.

ఆగస్టులో ఒకరోజు సుశీలమ్మ, "అన్నయ్యగారూ, ఆ భుజం కొంచెం వాచినట్టు లేదా? అంత పైకి ఎత్తొద్దేమో," అంది.

"ఆవిడే బాగుందంటా ఉంటే మధ్యలో నీకేంటి సుశీలమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సెప్టెంబరు వానలతో పాటే బ్యాటరీ గొడవ మొదలైంది. పెట్టె ఆగిపోతే నరాలు చచ్చిపోతాయి, ఫ్రిజ్ ఆగిపోతే వాటి ఆహారం పాడైపోతుంది. బ్యాటరీ నీళ్లు చూశాను. సోలారు పలకలు తుడిచాను. రెండు బ్యాటరీలు కొత్తవి మార్చాను. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. అదే నెలలో రత్నం "బాగుంది" అనడం కూడా బాగా ఎక్కువైంది. గంటకి ఇరవై, ముప్పైసార్లు. కరెంటు సతాయిస్తున్నా ఆమె సంతోషంగా ఉంది కదా అని సర్దుకున్నాను. పైగా ఫోను చేసి వకుళకి గొప్పగా చెప్పాను.

ఢిల్లీ వాళ్లు శుక్రవారం వస్తారనగా, బుధవారం పొద్దున్నే పని పట్టుకున్నాను. బస్సు పక్క డిక్కీలో ఫ్యూజులుంటాయి. ఫ్యాను, లైట్లు, పంపు అన్నీ కట్టేసి, ఫ్రిజ్, పెట్టె మాత్రం ఉంచాను. ఎంత కరెంటు పోతోందో చూపే క్లాంపు మీటరు బ్యాటరీ వైరుకి తగిలించి నిలబడ్డాను. మీటరు ఒకటి దగ్గర ఉన్నది ఒక్కసారిగా ఏడుకి ఎగిరింది. వెంటనే పడిపోయింది. అరనిమిషానికి మళ్లీ ఎగిరింది, పడిపోయింది. సంగతి తెలిసిపోయింది. ఫ్రిజ్ కంప్రెసరు స్టార్టవబోయి అవలేక, ఊరికే తన్నుకుంటోంది. తన్నుకున్న ప్రతిసారీ బ్యాటరీని ఇంత తినేస్తోంది.

దొంగ దొరికాడని నాకు భలే హుషారొచ్చింది. ఆ హుషారులోనే ఇంకోటి చెవిన పడింది. మీటరు ఏడుకి ఎగిరినప్పుడల్లా, పైన కిటికీలోంచి రత్నం గొంతు "బాగుంది" అంటోంది.

నాతో ఆడుకుంటోందనుకున్నాను. "నీకు బాగానే ఉంటది తల్లీ, చచ్చేది నేను కదా," అని కిందనుంచి అరిచాను కూడా.

ఫ్రిజ్ ఫ్యూజు పీకాను. మీటరు పడిపోయింది. పైన చప్పుడు లేదు. పదినిమిషాలు ఆగాను. రత్నం ఒక్క మాట అనలేదు. ఫ్యూజు పెట్టాను. "బాగుంది." పీకాను. నిశ్శబ్దం. పెట్టాను. "బాగుంది."

ఫ్రిజ్ చప్పుడు విని అంటోందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ తేల్చుకోవాలి. ఫ్యూజు పూర్తిగా తీసేసి, హెడ్‌లైటు బల్బు ఒకటి తీసుకుని, ఒక వైరు బ్యాటరీ పాజిటివ్‌కి కట్టి, బస్సు కింద దూరాను. ఫ్రిజ్ బోల్టు కొస అక్కడ నేల కిందకి పొడుచుకొచ్చి ఉంటుంది. వాన నీళ్లకి తుప్పు పట్టి ఎర్రగా పొక్కిపోయింది. బల్బు రెండో వైరుని దానికి తాకించాను. బల్బుకి చప్పుడుండదు కదా. వెలిగింది, అంతే.

పైన రత్నం గొంతు, "బాగుంది," అంది.

మళ్లీ తాకించాను. "బాగుంది." మళ్లీ తాకించాను. అలా ఎన్నిసార్లు తాకించానో నాకు గుర్తులేదు. బురదలో వెల్లకిలా పడుకుని, బల్బు వెలిగించుకుంటూ, పెళ్లాంతో బాగుంది అనిపించుకుంటూ ఉన్నాను. ఈ బోల్టు మీద పడిన ప్రతి కుదుపూ పెట్టె వైరు గుండా ఆ నరాలకి చేరుతోంది. పదకొండు నెలలు నేను మాట్లాడింది ఈ బోల్టుతో. బల్బు వైరు ఊడదీసి బయటికి పాక్కుంటూ వచ్చాను.

తప్పు దొరికితే ఆగడం మా వృత్తిలో లేదు. చేతులు వాటంతటవే పని చేశాయి. చెక్కనేల అంతా విప్పాను. బోల్టు మార్చి, గీకి, ఫ్రిజ్‌కి ఒక విడి వైరు, పెట్టెకి ఒక విడి వైరు, రెండూ నేరుగా బ్యాటరీ దాకా లాగాను. మధ్యాహ్నం మూడింటికి ఫ్రిజ్ ఒక్క దెబ్బకి స్టార్టయింది. వోల్టేజి కదల్లేదు. ఇంత శుభ్రమైన వైరింగు నేను జన్మలో చేయలేదు. ఏడాది కిందట చేయాల్సిన పనే అది.

సాయంత్రం దండ తీసి రత్నం జడలో పెట్టాను. ఫ్రిజ్ గుర్రుమంది. పెట్టె ఏమీ అనలేదు. ఆమె కళ్లు ఎటో చూస్తున్నాయి. ఏడాదిన్నర నిశ్శబ్దం మళ్లీ వచ్చి బస్సులో కూర్చుంది. ఆ పాత వైరు మళ్లీ బోల్టుకి తగిలించేద్దామా అని నాకు అనిపించింది. అనిపించలేదని అబద్ధం చెప్పను.

గురువారం ఎనిమిదింటికి వకుళ వచ్చారు. అంతా చెప్పాను. ఆవిడ ముందు నమ్మలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, పెట్టె దాచుకున్న లెక్కలన్నీ తీసి, మాటలు వచ్చిన టైములూ ఫ్రిజ్ ఆన్ అయిన టైములూ పక్కపక్కన పెట్టి చూశారు. అవి ఎక్కడా తప్పలేదు. ఆవిడ మొహం తెల్లబడింది.

"విడి వైరు అని చెప్పానా లేదా కొండలు గారూ?"

"చెప్పారండీ."

"అలాగేనన్నారు కదా."

"అన్నానండీ."

"పాఠం చెప్పినప్పుడల్లా ముందు ఫ్రిజ్ తెరిచేదాన్ని. ముందు చెప్పే మాట బాగుంది," అన్నారు, నాతో కాదు, తనతో తనే. "రత్నం గారి ఆలోచన కంటే ఫ్రిజ్ కుదుపే పెద్దది. నరాలు దాన్నే నేర్చుకున్నాయి. పెద్ద చప్పుడుకి అలవాటుపడి చిన్నవాటిని వినడం మానేశాయి." ల్యాప్‌టాప్ మూసేశారు. తర్వాత నా వైపు చూడకుండా అన్నారు. "రేపు వాళ్లొస్తున్నారు. పెట్టె అసలేమీ పలకకపోతే రేపటితో ఇది ముగిసిపోతుంది. ఇంకో రెండు వందల మంది ఎదురుచూస్తున్నారు. రేపొక్కరోజు... వైరు పాత బోల్టుకే పెట్టండి. తర్వాత నేను సరిచేస్తాను."

ఆవిణ్ణి తప్పుపట్టే మొహం నాకు లేదు. నాకూ ఆ గొంతు కావాలి. పానా చేతిలోకి తీసుకున్నాను.

గుమ్మంలో సుశీలమ్మ నిలబడి ఉంది. "అన్నయ్యగారూ, వ్యాయామం టైము దాటిపోతంది," అంది.

పానా పక్కన పెట్టాను. చల్లగుడ్డ భుజం మీద వేసి, రోజూలాగే రత్నం ఎడమ చెయ్యి పట్టుకుని పైకి ఎత్తాను.

"హోల్డాన్."

ముగ్గురం బిగుసుకుపోయాం. గొంతు సన్నగా ఉంది. ఫ్రిజ్ ఆగి ఉంది. చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది.

"హోల్డాన్. హోల్డాన్. నొప్పి. హోల్డాన్."

నేను చెయ్యి దించాను. వకుళ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుండిపోయారు. "రాత్రంతా పెద్ద చప్పుడు లేదు కదా. నరాలు చిన్నవి వినడం మొదలుపెట్టాయి," అన్నారు. రత్నం మొహం మీదికి వంగారు. "రత్నం గారూ, ఈ నొప్పి ఇవాళేనా?"

"కాదు."

"ముందు నుంచీ ఉందా?"

"అవును. అవును. అవును."

సుశీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. నాకు వెళ్లడానికి చోటు లేదు.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు. భుజం కీలు ఎప్పుడో తప్పింది. తప్పిన కీలునే రోజూ ఎత్తి తిప్పడంతో ఎముక అంచు అరిగిపోయింది. కుర్చీలో తిరిగి, "ఎవరయ్యా ఈవిడకి వ్యాయామం చేయించింది? ఇంతకాలం ఒక్కసారైనా అరవలేదా?" అని అడిగాడు. నేనే చేయించానని చెప్పాను. అరిచి ఉంటుందని కూడా చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు.

శుక్రవారం ఢిల్లీ వాళ్ల ముందు వకుళ నిజం చెప్పేశారు. వైరు సంగతి కూడా తన పర్యవేక్షణ లోపమనే చెప్పారు, నా పేరు ఎత్తలేదు. వాళ్లు మర్యాదగా విని, టీ తాగి, వెళ్లిపోయారు. పదకొండు నెలల లెక్కలే తప్పయినప్పుడు నిన్న పలికిన నాలుగు మాటలు వాళ్లకి చాలలేదు, కొత్త పెట్టెల పని ఆగిపోయింది. రెండు వందల మంది సంగతి నాకు తెలియదు. వాళ్లలో ఎంతమందికి ఏ కీలు తప్పి ఉందో, వాళ్ల ఇళ్లలో ఎవరు చేతులు తిప్పుతున్నారో తెలియదు.

వకుళ చివరిసారి వచ్చినప్పుడు పెట్టె మాకే వదిలేసి, ఇంకో మాట చెప్పారు.

"బాగుంది అన్న మాట తీసెయ్యాలి కొండలు గారూ. నరాలు దాన్ని ఫ్రిజ్ గుర్తుతోనే నేర్చుకున్నాయి. ఉంచితే ఏ పక్కన ఏ మోటారు తిరిగినా రత్నం గారు బాగుంది అన్నట్టే పలుకుతుంది."

"తీసేసి మళ్లీ నేర్పితే?"

"ఆ నలభై రోజులు అయిపోయాయి. ఇవి ఇంక కొత్తది నేర్చుకోవు. కొత్త బిళ్ల పెంచడానికి నాకిప్పుడు ల్యాబు లేదు."

పన్నెండు మాటల్లో పదకొండు మిగిలాయి.

ఆ వారం నేను రత్నం ఎదురుగా కూర్చుని అడిగాను. సుశీలమ్మ వెళ్లిపోయాక, ఎవరూ లేకుండా. "నా మీద కోపంగా ఉందా?"

"అవును," అంది.

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. తిట్లు ఆ పన్నెండింటిలో పెట్టించలేదు నేను. పెట్టించి ఉండాల్సింది. ఫోనులో ఉన్న పాత మెసేజ్‌లు తీసి, నన్ను తిట్టినవి ఒక్కొక్కటీ వింటూ కూర్చున్నాను. ఆమె కూడా వింది. సాయంత్రం కనకాంబరాలు తీసి, ఈసారి ముందు అడిగాను.

"పెట్టనా?"

"వద్దు."

మూడువందల సాయంత్రాలు పెట్టాను. దండ తీసుకెళ్లి గట్టు మీద పడేశాను.

భుజం కట్టు విప్పాక, డిసెంబరులో, బస్సు తీశాను. ఆమె పంతొమ్మిదేళ్లు తిరిగిన రోడ్డే. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. స్టేజి వచ్చినప్పుడల్లా వెనకనుంచి పెట్టె "హోల్డాన్" అనేది. నేను ఆపేవాణ్ణి. ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు. కాసేపటికి "రైట్" అనేది. కదిలేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా తప్పు లేకుండా నడిచిన మాటలు ఆ రెండే. బందరు బస్టాండు దగ్గర ఆపాను. "రైట్" అంది. బస్టాండు దాటి ముందుకి పోనిచ్చాను.

మంగినపూడి ఒడ్డున, పెద్ద తలుపు సముద్రం వైపుకి వచ్చేలా బస్సు నిలిపి, మంచం తలుపు దగ్గరికి జరిపి, తల కింద రెండు దిండ్లు పెట్టాను. మబ్బు పట్టి ఉంది. నీళ్లు బూడిదరంగులో ఉన్నాయి. ఆదివారం కాదు, మనుషులు పెద్దగా లేరు.

"కనపడతందా?"

"అవును."

"భుజం నొప్పా?"

"కాదు."

"చలా?"

"కాదు."

ఇద్దరం అలలు చూస్తూ ఉన్నాం. పొద్దు వాలబోతోంది. "ఇంక పోదామా?" అన్నాను.

"హోల్డాన్."

సరేనని పక్కనే కూర్చున్నాను. ఆమె కళ్లల్లో నీళ్లు నిండి చెంప మీదికి జారాయి. తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ నీళ్లు ఎందుకో నాకిప్పుడు తెలియదు. జబ్బువో, కోపానివో, ఇన్నాళ్లకి సముద్రం చూసినందుకో. బాగుందా అన్న మాట నోటిదాకా వచ్చింది. నిజంగానే బాగుండి ఉండొచ్చు. ఉన్నా చెప్పడానికి ఆమె దగ్గర ఆ మాట లేదు, నేను దాన్ని ఫ్రిజ్‌కి ఇచ్చేశాను.

వెనక కంప్రెసరు ఆన్ అయింది. ఒక్క దెబ్బకి స్టార్టయి, నిలకడగా నడిచింది. నేను పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాను. అది ఏమీ అనలేదు. వైరింగు సరిగ్గా ఉంది.